అరచేతిలోని లోకము – మా మనవి

(ఉగాది సభలో చేసిన ప్రసంగము)

అందరికీ పరాభవ నామ సంవత్సర శుభాకాంక్షలు.

సంవత్సరం పేరు వినగానే కొందరి ముఖాలు చిన్నబోవడం ఇందాక పంచాంగశ్రవణం వేళ గమనించినాము. భయపడవలసిన పని లేదు. పరాభవము ఎవరికి అన్న సంగతి ఆ పేరులో చెప్పలేదు గదా! మన చెడ్డ అలవాట్లకే అది కలగాలని కోరుకొందాము.

కార్యదర్శిగారు పది దినాల క్రిందట మా గూడ్సు ఆఫీసుకు దయచేసి, "ఈసారి సెల్‌ఫోను, ఇంటర్నెట్టు మీద మీరే రెండు మాటలు చెప్పాలి" అన్నారు. మేము పదవ తరగతితో చదువు ముగించినవాళ్ళము. నాన్నగారు పోయిన తర్వాత ఆయన ఉద్యోగం పేరిట రైల్వేలో చేరి, శాఖలో పెట్టిన పరీక్ష వ్రాసి గుమాస్తా అయినాము. ఇంజనీర్లు, అధ్యాపకులు ఇందరు సంఘంలో ఉండగా మమ్మల్ని అడుగుతారేమని అన్నాము. "వాళ్ళకు ఆ యంత్రం ఎట్లు పని చేస్తుందో తెలుసు. దానివల్ల దెబ్బ తిన్న మనిషి చెబితే జనం వింటారు" అన్నారు ఆయన. మా సంగతి ఆయనకు కొంత తెలుసు. కాబట్టి ఇది పాండిత్యం కాదు. అనుభవించినవాని అభిప్రాయాలు మాత్రమే. తప్పులుంటే పెద్దలు దిద్దగలరు.

మన ఊరికి ఒక గొప్ప ఉన్నది. బొంబాయి నుండి వేస్తూ వచ్చిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే పట్టాలు, మద్రాసు నుండి వేస్తూ వచ్చిన మద్రాసు రైల్వే పట్టాలు 1871లో కలిసినది మన రాయచూరులోనే. రెండు తీరాల జాబులు, సరుకులు, మనుషులు ఆనాటి నుండి మన ముంగిటి మీదుగానే పోతున్నారు. మన పెద్దలలో అనేకులు ఇక్కడికి వచ్చినది ఆ పట్టాల వెంటనే. మిగిలినవారు తుంగభద్ర ఎడమ కాలువ నీటి వెంట వచ్చి సింధనూరు, మాన్వి తాలూకాలలో క్యాంపులు వేసుకొన్నారు. 1956 నవంబరు 1వ తేదీన రాష్ట్రాలు మారినప్పుడు హైదరాబాదు రాష్ట్రంలోని రాయచూరు మైసూరు రాష్ట్రంలోకి వచ్చినది గాని, మన ఇండ్లలో తెలుగు అట్లే ఉండిపోయినది. దూరాన ఉన్నవాళ్ళ కబురు కోసం ఎదురుచూడడం మనవంటి వలస కుటుంబాలకు పుట్టుకతో వచ్చిన అలవాటు. అందుచేతనే ఈ సెల్‌ఫోను మనలను ఇతరులకంటె తొందరగా పట్టుకొన్నదని మా అభిప్రాయం.

మన దేశంలో సామాన్యునికి ఇంటర్నెట్టు అందుబాటులోకి వచ్చినది 1995 ఆగస్టు 15న. కాని అది చాలాకాలం పెద్ద ఊళ్ళవారి సొత్తుగానే ఉండినది. మావంటివాళ్ళ చేతికి నిజంగా వచ్చినది 2016 సెప్టెంబరు 5న జియోవారు సేవ మొదలుపెట్టిన తర్వాతనే. ఆ దినం వినాయకచవితి. అంతవరకు నెలకు ఒక జీబీ పొదుపుగా వాడుకొనేవాళ్ళము, దినానికి ఒక జీబీ చాలదనే స్థితికి వచ్చినాము.

ముందుగా మంచి చెప్పాలి. లేనిచో కృతఘ్నులమౌతాము. రైల్వే స్టేషనులలో 2016 నుండి ఉచిత వైఫై పెట్టినారు. ఎర్నాకుళం స్టేషనులో మూటలు మోసే ఒక కూలీ సోదరుడు, ఆ వైఫైతో చెవిలో పాఠాలు వింటూ, బరువులు మోస్తూ, 2018లో కేరళ పబ్లిక్ సర్వీసు కమీషను వ్రాతపరీక్షలో నెగ్గినాడని పత్రికలలో చదివి మా ఆఫీసు అంతా మిఠాయి పంచుకొన్నాము. తిరుమల దర్శనం టికెట్టు కోసం మా నాయన ఒకప్పుడు రాత్రంతా కంపార్టుమెంటులో కూర్చున్నాడు. నేడు ఇంటిలో కూర్చుండి తీసుకొంటున్నాము. మన పిల్లలు కన్నడ బడులలో చదువుతారు, తెలుగు అక్షరాలు రావు. అట్టి పిల్లవానికి మేము తెలుగు వికీపీడియా చూపినాము. 2003 డిసెంబరులో మొదలైన ఆ విజ్ఞానసర్వస్వాన్ని జీతం భత్యం లేకుండా తెలుగువాళ్ళే వ్రాసుకొంటున్నారు. అందులో రాయచూరు పేరు తెలుగు లిపిలో చూచి, "మన ఊరిని ఇట్లా వ్రాస్తారా నాన్నా!" అని వాడు వ్రేలితో దిద్దినాడు. ఆ ఒక్క ఘడియకు ఆ ఫోను వెల మొత్తం తీరిపోయిందని అనుకొన్నాము.

ఇక రెండవ వైపు.

మా ఉద్యోగం గూడ్సు ఆఫీసులో. అక్కడ ఒక నియమం ఉన్నది. ఏ సరుకైనా రావాలంటే రైల్వే రసీదు ఉండాలి. పంపినవారెవరు, పుచ్చుకొనేవారెవరు, ఎక్కడ ఎక్కించినారు, బరువెంత, అన్నీ వ్రాసి ఉండాలి. పేరు, గుర్తు లేని మూట ఒకటి షెడ్డులో కనబడితే దాన్ని ఎవ్వరూ ముట్టరు. విప్పి తినరు. ఇంటికి తీసుకుపోయి పిల్లలకు పెట్టరు. కాని అదే మేము, సాయంకాలం ఇంటికి వచ్చి, పంపినవాని పేరు లేని, పుట్టిన ఊరు లేని, తేదీ లేని మాటను ఫోనులో చూచి, నమ్మి, ఇంకా పదిమందికి పంచిపెట్టుతాము! ఈ తేడా మాకే చాలా కాలం తట్టలేదు.

పుకార్లు ఇంటర్నెట్టుతోనే పుట్టినవని మేము అనము. 1995 సెప్టెంబరు 21న దేశమంతా వినాయకుడు పాలు త్రాగినాడు. అప్పుడు మాకు ఏడేండ్లు. రైల్వే కాలనీ గుడి ముందు చెంచాతో వరుసలో నిలబడినాము. మా చెంచాలోని పాలు సగం పోయినవి, సగం మా చొక్కా మీద పడినవి. రాయి పాలను తనకు అంటించుకొని క్రిందికి జార్చుతుందని శాస్త్రజ్ఞులు రంగు కలిపిన పాలతో చేసి చూపినారని తర్వాత తెలిసినది. ఆ రోజులలోనే మన వీధులలో ఇంకొక వింత ఉండేది. తెలుగువాళ్ళ తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని, ప్రక్క కన్నడంవారి తలుపు మీద "నాళె బా" అని బొగ్గుతోనో సున్నంతోనో వ్రాసి ఉండేది. రాత్రిపూట వచ్చి పేరు పెట్టి పిలిచే ఆ ఆడదయ్యానికి రెండు భాషలూ చదువను వచ్చునని మన రాయచూరువాళ్ళకు తప్ప ఎవరికి తెలుసు! అంతకు ముందు మా అమ్మమ్మ కాలంలో, "ఈ కార్డు పదహారుమందికి వ్రాయకపోతే కీడు" అని దేవుళ్ళ పేర పోస్టుకార్డులు వచ్చేవట.

కాబట్టి మన భయం పాతదే. మారినది దాని వేగం. పదహారు కార్డులు వ్రాయాలంటే డబ్బు కావాలి, చేయి నొప్పి పుట్టాలి, వ్రాస్తూ వ్రాస్తూ ఏడవ కార్డు వద్ద "ఇదంతా ఎందుకు" అని బుద్ధి పుట్టడానికి వ్యవధి ఉండేది. ఇప్పుడు ఆ వ్యవధి లేదు. వ్రేలు ఒక్కసారి తాకితే చాలు.

ఈ వేగం వల్ల ఏమి కాగలదో మన ప్రాంతమే చూచినది. 2018 జూలై 13న బీదరు జిల్లాకు హైదరాబాదు నుండి కొందరు మిత్రులు కారులో వచ్చినారు. దారిలో ఒక పల్లె వద్ద పిల్లలకు చాక్లెట్లు పంచినారు. అవి పిల్లలను ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారని ఫోనులలో వదంతులు పరుగెత్తుతున్న దినాలు. వీళ్ళ సంగతి కూడ వీళ్ళ కారుకంటె ముందుగా ఫోనులోనే ముర్కి గ్రామానికి చేరినది. అక్కడ గుంపు కారును అడ్డగించి కొట్టినది. ముప్పై ఏండ్లు దాటిన ఒక సాఫ్టువేరు ఉద్యోగి ప్రాణం పోయినది. కాపాడబోయిన పోలీసులకు కూడ దెబ్బలు తగిలినవి. ఆయన మా ఈడువాడు. పిల్లవానికి మిఠాయి ఇవ్వడం తప్పయిన దినం అది. ఆ నెలలోనే వాట్సాప్‌వారు మన దేశంలో ఒక మాటను ఒకేసారి ఐదుగురికి మించి పంపడానికి వీలు లేకుండా చేసినారు. మంచిదే. కాని ఐదుగురు ఇంకొక ఐదుగురికి పంపితే ఇరువదియైదుగురు. ఆ లెక్క పదవ తరగతి చదివిన మాకే వస్తుంది. కంపెనీ గీత గీసినంత మాత్రాన చాలదు, గీత మన మనసులో కూడ పడాలి.

దేవుని మీద విశ్వాసం గురించి కొందరు యువకులు ఇక్కడ మమ్మల్ని అడిగినారు. "ఫోను వచ్చినాక భక్తి పెరిగిందా, తగ్గిందా?" అని. మా ఇంటి సంగతి చెబుతాము. మా పిల్లవానికి జ్వరం వచ్చిన ఒక రాత్రి మా అమ్మ ఫోనుకు ఒక బొమ్మ వచ్చినది. పదకొండుమందికి పంపితే మూడు దినాలలో శుభవార్త, పంపకపోతే ఇంటిలో అనర్థము అని. ఆమె ఫోనులో ఆ దినపు డేటా అయిపోయినది. బొమ్మ పోలేదు. అర్ధరాత్రి మేము లేచి చూస్తే అమ్మ వంటింట్లో చీకటిలో కూర్చుండి, ఆ ఫోను పట్టుకొని ఏడ్చుచున్నది. మనుమని నుదుట తడిగుడ్డ వేయవలసిన చేయి అది! మేము ఆ బొమ్మను తుడిచివేసి, "అమ్మా, పాపం వస్తే మాకు రానీ" అన్నాము. తెల్లవారేసరికి జ్వరం దిగినది, అది డాక్టరు ఇచ్చిన మందు వల్ల. మేము నాస్తికులము కాము. గురువారం వీలయితే మంత్రాలయం పోయి రాయరవారి బృందావనం చూచి వస్తాము. అక్కడ ఎవ్వరూ మమ్మల్ని పదకొండుమందిని పిలుచుకు రమ్మనలేదు. భక్తి ధైర్యం ఇస్తుంది. భయపెట్టేది భక్తి కాదు. మా అభిప్రాయం ఇంతే.

ఇక ఆటలు. ఈ భాగం చెప్పడానికి మా ఇంటావిడ అనుమతి తీసుకొన్నాము. ఆమె మూడవ వరుసలో ఉన్నది. ఇంతవరకు "మేము" అన్నది సభామర్యాద కొరకు. ఇక్కడ మాత్రం ఈ "మేము"లో ఆమెకు గాని, సంఘానికి గాని భాగం లేదు. చేసినది ఒక్కరమే.

మన క్వార్టర్సులలో పండుగనాడు పేకాట కొత్తది కాదు. నలుగురు కూర్చుండి రెండు రూపాయల పందెం వేసి, రాత్రి పది గంటలకు ఒకరి భార్య వచ్చి దీపం ఆర్పితే లేచేవాళ్ళము. 2019లో ఒక మిత్రుడు ఫోనులో రమ్మీ చూపినాడు. నూరు రూపాయలు వేసినాము. ఆరువందల నలభై వచ్చినవి. ఆ ఆరువందల నలభైయే మా కొంప ముంచినది. మొదటి దినం ఓడియుంటే బ్రతికిపోయేవాళ్ళము.

"ఇది జూదం కాదు, నైపుణ్యం" అని ఆ ఫోనులోనే వ్రాసి ఉండేది. దానికొక చరిత్ర ఉన్నదని తర్వాత తెలుసుకొన్నాము. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు మీద వచ్చిన కేసులో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాది కాగా, 1967లో సుప్రీంకోర్టువారు రమ్మీ కేవలం అదృష్టం మీద ఆధారపడిన ఆట కాదు, అందులో నైపుణ్యం ప్రధానం అని తీర్పు చెప్పినారు. తీర్పు సరియైనదే కావచ్చును. కాని ఆ న్యాయమూర్తుల ముందు ఉన్నది బల్ల చుట్టూ కూర్చున్న మనుషుల ఆట. ఫోనులోని ఆటకు బల్ల లేదు, దీపం ఆర్పే ఇల్లాలు లేదు, తెల్లవారడం లేదు. ఎదుట ఉన్నవాని ముఖం లేదు. డ్యూటీలో, బస్సులో, స్నానాలగదిలో కూడ ఆడవచ్చును. మాలో ఎంత నైపుణ్యం ఉన్నదో మా పాసుపుస్తకం చూచినవారికి తెలుస్తుంది.

తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఇట్టి ఆటలను నిషేధించినవి. మన కర్ణాటకం 2021 అక్టోబరులో చట్టం తెచ్చినది. మేము ఆడే ఆట ఆగిపోయినది. అప్పటికి ముప్పైయొక్క వేలు పోయినవి. పోయినదేదో పోయింది, ఇక శాంతి అనుకొన్నాము. 2022 ఫిబ్రవరిలో హైకోర్టు ఆ చట్టంలోని ముఖ్యభాగాలను కొట్టివేసినది. ఆ వారంలోనే ఫోనులో "తిరిగి స్వాగతం" అని సందేశం వచ్చినది, ఐదువందలు బహుమానం అని. చుట్టాలు కూడ మమ్మల్ని అంత ప్రేమతో పిలువలేదు. మళ్ళీ కూర్చున్నాము. ఆ దీపావళి నాటికి ఇంకొక యాభై ఎనిమిది వేలు. ఇంటావిడ గొలుసు "మెరుగు పెట్టించడానికి" అని చెప్పి తీసుకుపోయి కుదువ పెట్టినాము.

ఆదోనిలో ఒక పెండ్లికి పోవలసి వచ్చి ఆమె గొలుసు అడిగినది. దాచలేకపోయినాము. ఆమె అరుస్తుందనుకొన్నాము. అరువలేదు. పాలు, కూరగాయలు, బడి ఫీజు వ్రాసుకొనే పుస్తకం తెచ్చి, కలం తీసి, "మొత్తం ఎంతో సరిగా చెప్పండి. దీన్ని ఏ పద్దు క్రింద వ్రాయమంటారు?" అన్నది. ఎనభైతొమ్మిది వేలు అన్నాము. కరివేపాకు రెండు రూపాయలు అన్న పంక్తి క్రింద ఆ అంకె వ్రాసినది. పద్దు పేరు మాత్రం ఖాళీగా వదిలినది. గూడ్సు ఆఫీసులో పదేండ్లుగా పద్దులు వ్రాస్తున్న మాకు ఆ ఖాళీ ఎట్లు పూరించాలో నేటికీ తెలియదు. ఓవర్‌టైము డబ్బుతో, సొసైటీ అప్పుతో 2024 దసరాకు గొలుసు విడిపించినాము. ఇప్పుడు ఆమె మెడలో ఉన్నది. మీరు వెనుదిరిగి చూడనక్కరలేదు.

2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలన్నిటినీ, నైపుణ్యమైనా అదృష్టమైనా, నిషేధిస్తూ చట్టం చేసినది. 22వ తేదీన రాష్ట్రపతి సంతకం అయినది. పెద్ద కంపెనీలు ఆ నెలలోనే పందెపు ఆటలు ఆపినవి. కొందరు న్యాయస్థానాలకు పోయినారు. మా అభిప్రాయం అడిగితే, చట్టం తలుపు మూస్తుంది గాని, లోపలినుండి గడియ మనమే పెట్టుకోవాలి. మేము ఒకసారి మూసిన తలుపు తెరుచుకోగానే పరుగెత్తినవాళ్ళము గదా!

పిల్లలు ఆడే ఆటలన్నీ చెడ్డవని మాత్రం అనము. 2024 డిసెంబరులో పద్దెనిమిదేండ్ల దొమ్మరాజు గుకేశ్ ప్రపంచ చదరంగ విజేత అయినాడు. చెన్నైలో పెరిగిన తెలుగింటి బిడ్డ, మనవలెనే సొంత రాష్ట్రం దాటిన కుటుంబం. ఆ తర్వాత మన కాలనీ పిల్లలు ఫోనులోనే చదరంగం నేర్చుకొని మమ్మల్ని పది ఎత్తులలో కట్టివేస్తున్నారు. పిల్లవాడు ఓడి నేర్చుకొనే ఆట మంచిది. ఓడి అప్పు చేసే ఆట చెడ్డది. తేడా కనుక్కోవడం కష్టం కాదు.

చివరగా రాజకీయాలు. ఏ పక్షాన్నీ ఇక్కడ తేబోము. మా అనుభవం ఒకటి చెప్పి ముగిస్తాము. ఇది గొలుసుకంటె బరువైనది.

మాకు చిన్నాన్న కొడుకు ఒకడు. తండ్రి చిన్ననాడే పోతే, ఆదోని దగ్గరి మా పల్లెలో పెదనాన్న వాణ్ణి పెంచి పెద్ద చేసినారు. ఇప్పుడు సింధనూరు తాలూకాలో ఒక క్యాంపులో కౌలుకు వరి పండిస్తాడు. మా వంశంవాళ్ళము అందరము కలిసి వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టుకొన్నాము. ఆదోని, కర్నూలు, రాయచూరు, బెంగుళూరు, హైదరాబాదు, అమెరికాలో ఇద్దరు.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయినది. ముప్పైమూడు గేట్లలో ఒకటి. నిండుగా ఉన్న జలాశయం. ఆనాడు ఇక్కడ ఉన్నవాళ్ళెవరూ ఆ రాత్రిని మరువలేరు. తెల్లవారేలోగా మా ఫోనుకు వచ్చిన మాటలు ఇన్ని అన్ని కావు. ఆనకట్ట పగిలిందని, ఊళ్ళు పోయినవని, ఎక్కడివో ఏనాటివో వీడియోలు. వాటితోబాటు ఒక పెద్ద వ్యాసం. ఇదంతా ఫలానా ప్రభుత్వం చేసిన ద్రోహం, ఫలానా పార్టీని నమ్మిన రైతులు మూర్ఖులు అని. వ్రాసినవాని పేరు లేదు. మాకు నచ్చిన పక్షానికి అనుకూలంగా ఉన్నది. అంతే. చదివి సగం కూడ కాకముందే గ్రూపులో పెట్టినాము.

మా తమ్ముడు వెంటనే వ్రాసినాడు: "అన్నా, నీకు నెల కాగానే జీతం వస్తుంది. నాకు ఆ నీళ్ళే జీతం. నాట్లు వేసి కూర్చున్నాము. ఇప్పుడు ఎవరిది తప్పని కాదు, గేటు ఎప్పుడు పెడతారని అడుగు." ఎంత న్యాయమైన మాట! మేము ఆ మాటకు జవాబు ఇచ్చినామా? లేదు. "నీ పార్టీవాళ్ళను అంటే నీకు పొడుచుకొచ్చిందా" అని వ్రాసినాము. దాని క్రింద నలుగురు నవ్వు బొమ్మలు పెట్టినారు. అయిదు నిమిషాలలో తమ్ముడు గ్రూపు వదిలినట్లు ఒక చిన్న పంక్తి కనబడినది. "పోతే పోనీ" అనుకొన్నాము.

ఆ వారంలో జరిగినదేమి? చిత్తూరు జిల్లావాసి, ఆనకట్టల గేట్ల పనిలో తలనెరసిన కన్నయ్య నాయుడుగారు వచ్చి, ఆంధ్ర కర్ణాటక ఇంజనీర్లు, కార్మికులు కలిసి, ప్రవహిస్తున్న నీటిలోనే ఇనుప స్టాప్‌లాగులు ఒకదానిమీద ఒకటి దించి, ఆగస్టు 17 నాటికి నీటిని నిలిపినారు. ఎవరిది తప్పో తేల్చుకొనిన తర్వాత పని మొదలుపెడదామని వాళ్ళు అనుకొనియుంటే నీళ్ళన్నీ నదిలో పోయియుండేవి. అక్కడ రెండు రాష్ట్రాలవాళ్ళు కలిసి గేటు పెట్టినారు. ఇక్కడ ఒక ఇంటివాళ్ళము విడిపోయినాము.

2025 జనవరిలో, సంక్రాంతి అయిన వారానికి, తెల్లవారుజామున పెదనాన్న కాలం చేసినారు. పెదనాన్న కొడుకు మాకు ఫోను చేసి, "అందరికీ నీవే చెప్పు" అన్నాడు. ఆ బాధ్యత మాకు అప్పగించినాడు. మేము గ్రూపులో వ్రాసినాము. ఫోటో పెట్టినాము. సాయంకాలం నాలుగు గంటలకు దహనమని తెలిపినాము. నీలి గీతలు పడినవి. అందరూ చూచినారనుకొని రైలెక్కినాము. అమెరికావాళ్ళు కూడ వీడియోలో చూచి ఏడ్చినారు. మూడు గంటల దూరంలో సింధనూరులో ఉన్నవాడు మాత్రం ఆ దినం పొలానికి నీళ్ళు పెట్టుకొంటూ ఉన్నాడు.

రాత్రి ఎవరిదో స్టేటస్‌లో పెదనాన్న ఫోటోకు వేసిన దండ చూచినాడట. బండి మీద చలిలో వచ్చి తొమ్మిది గంటలకు వాకిట నిలబడినాడు. చితి అప్పటికే కాలిపోయినది. పెద్దమ్మ వాణ్ణి చూచి, "ఏమిరా, అందరూ వచ్చినారు, నీవు రాలేదే నాయనా?" అన్నది. వాడు, "నాకు ఎవరూ చెప్పలేదు పెద్దమ్మా" అన్నాడు. అంతే. మా వంక కూడ చూడలేదు. పెంచిన తండ్రి ముఖం చివరిసారి చూచుకొనే హక్కును మేము ఒక పేరు లేని వ్యాసానికి అమ్మివేసినాము.

మేము రైల్వేవాళ్ళము. రెండు స్టేషనుల మధ్య ముఖ్యమైన మాట చెప్పవలసి వస్తే, చెప్పి ఊరకుండరు. అవతలి స్టేషను మాస్టరు దాన్ని విని, వ్రాసుకొని, ప్రైవేటు నెంబరు అనే అంకె చెప్పాలి. ఆ అంకె చెవిన పడేదాక మాట చేరినట్లు లెక్క కాదు, బండి కదలదు. దినమూ ఆ నియమం మధ్య బ్రతుకుతూ, ఇంటి పెద్ద చావుకబురును గోడకు అంటించి వచ్చినట్లు గ్రూపులో పెట్టి వచ్చినాము.

కర్మ దినం నాడు తమ్ముని వద్దకు పోయి, "తప్పు నాదిరా" అన్నాము. అక్కడ "మేము" అనడానికి నోరు రాలేదు. వాడు చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "గ్రూపులో వేసినావు సరే. ఒక్క ఫోను కొట్టకపోతివా అన్నా?" అన్నాడు. ఆ ప్రశ్నకు ఇంతవరకు జవాబు దొరకలేదు. మొన్న వాని క్యాంపుకు పోయినాము. అన్నం పెట్టినాడు. కోతలు అయినవి, ధాన్యం ధర చెప్పినాడు. పెదనాన్న మాట ఇద్దరమూ ఎత్తలేదు.

రాజకీయాలు వద్దని మేము అనము. 2022 మే నెలలో మన రాయచూరులో ఎయిమ్స్ ఆసుపత్రి కావాలని జనం పందిరి వేసి కూర్చున్నారు. ఆ ధర్నా వెయ్యి రోజులు దాటినది. ఎండకు, వానకు వచ్చి కూర్చొనినవాళ్ళలో కన్నడంవారు, తెలుగువారు, ఉర్దూవారు, అన్ని పార్టీలవారు ఉన్నారు. అది రాజకీయం. తన పేరుతో, తన ముఖంతో, ప్రక్కవాని చెమట వాసన భరిస్తూ చేసేది. పరుపు మీద పడుకొని పేరు లేని మాటను తోసివేయడం రాజకీయం కాదు. మేము ఆ పందిరికి పోయినది ఒక్కసారే. ఫోనులో దాని ఫోటో పెట్టినది మాత్రం నాలుగుసార్లు. అదికూడ ఒప్పుకొంటాము.

సమయం మించినది, కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. మన సంఘానికి మూడు చిన్న మనవులు. పంపినవాని పేరు లేని మాటను మన సంఘం గ్రూపులో ఎవరూ పెట్టకూడదు, గూడ్సు షెడ్డులో పేరు లేని మూటను ముట్టనట్లే. డబ్బు పందెపు ఆటలో చిక్కుకొన్నవారు ఎవరైనా ఉంటే మా ఇంటికి రండి. బుద్ధులు చెప్పము, ఆ పుస్తకంలోని పుట మాత్రం చూపుతాము. ఇక మూడవది, చావు, పుట్టుక, జబ్బు, ఈ మూడు కబుర్లు నోటితో చెప్పండి. గ్రూపులో లేనివానికి ముందుగా చెప్పండి. అవతలివాడు "విన్నాను" అనేదాక ఫోను పెట్టవద్దు.

పరాభవ నామ సంవత్సరంలో మన అహంకారానికి కొంచెం పరాభవం కలిగితే నష్టం లేదు. మాకు కలిగినది, మంచే జరిగినది. పిల్లలారా, ఇక లేవండి, పులిహోర వడ్డిస్తున్నారు.

సెలవు.